ఛాంపియన్ గేటు దగ్గర ఒకే ఒక్క ఫోటో

పొద్దున ఐదుంపావుకు బెంగుళూరులో కోలారు బస్సు ఎక్కాను. మాఘమాసం చలి. కిటికీ అద్దం మూసినా సందులోంచి గాలి మెడ మీదికి వస్తోంది. సంచిలో నీళ్ళ సీసా, శాలువా, ఛార్జరు ఉన్నాయి. ఫోను మాత్రం సంచిలో వేయలేదు, ఒళ్ళో పెట్టుకున్నాను. కొని తొమ్మిది రోజులైంది. దాని మీది ప్లాస్టిక్ పొర కూడా ఇంకా తీయలేదు.

నా సంబరం కాస్త చెప్పుకోనివ్వండి. అప్పటికి కెమెరా ఉన్న ఫోన్లు చాలామంది దగ్గరికి వచ్చేశాయి గానీ, వాటితో ఫోటో తీస్తే మనిషీ గోడా ఒకటే రంగులో పడేవి. నాది అట్లాంటిది కాదు. మూడు పాయింటు రెండు మెగాపిక్సెల్. వెనకవైపు చిన్న తలుపులాంటి మూత ఉంటుంది. పక్కకి జరిపితే కెమెరా మేలుకుంటుంది. మీట సగం నొక్కితే తెర మీద తెల్ల చట్రం కాసేపు వణికి, చూపు కుదరగానే పచ్చబడుతుంది. అప్పుడు పూర్తిగా నొక్కాలి. పూలను దగ్గరగా తీయడానికి ఒక ఏర్పాటు, చీకటికి ఒకటి, పరుగెత్తేవాళ్ళకు ఒకటి. పాటలు, రేడియో, వీడియో సరేసరి. దాంతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకాన్ని బ్యాంకులో భోజనాల వేళ పరీక్షకు చదివినట్టు చదివాను. "మేడమ్, దీంట్లో మాట్లాడొచ్చా కూడా?" అని మా క్యాషియరు ఆటపట్టించాడు.

ఆ ఫోను వల్లే ఈ ప్రయాణం. సుగటూరులో ఉండే మా మేనమామ మునివెంకటప్ప ముప్పై ఏళ్ళు కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేశాడు. గని లోపల కాదు, పైన. మనుషుల్ని నింపుకుని భూమిలోకి దిగే ఇనుప పంజరాన్ని అక్కడ కేజి అంటారు. దాన్ని తాడు మీద దించి, లేపే పెద్ద ఇంజనుకు ఆయన డ్రైవరు. గనులు మూసేశాక ఊరికి వచ్చి రాగులు, మామిడి, పట్టుపురుగులు చూసుకుంటున్నాడు. ఈ ఏడాది పురుగుల కోసం సిమెంటు కప్పుతో కొత్త షెడ్డు వేయించాడు. అంతే. పాల డెయిరీ దగ్గర క్యాను పట్టుకుని వరసలో నిలబడి ఉంటే వెనకనుంచి ఎవరో అన్నారట, "మునెంకటప్పకేమప్పా, టిఫిను డబ్బాలో తెచ్చుకున్న బంగారం ఇంగా కరగలేదు" అని. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి మామ డెయిరీ మొహం చూడలేదు. పాలు అత్తే మోస్తోంది.

అత్తే నాకు ఫోను చేసింది. "ఆయప్పకి ఒకటే పట్టు పాపా. ఇంజను రూములో తన సీటు కాడ నిలబడి ఒక ఫోటో కావాలంట. గోడకి తగిలిస్తాడంట. నేను చూసింది ఇనుము, బంగారం కాదు అని అందురికీ తెలియాలంట" అంది. నిజమే, ముప్పై ఏళ్ళలో పనిచేస్తుండగా తీసిన ఫోటో ఆయనకు ఒక్కటీ లేదు. గని గేటు లోపలికి కెమెరా తీసుకుపోవడం అప్పట్లో పెద్ద తప్పు.

ఏడింటికి కోలారు బస్‌స్టాండులో దిగేసరికి మామ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, పంచె, భుజాన గుడ్డ సంచి. సంచిలో అత్త కట్టిచ్చిన రాగిముద్దలు, నంజుకోవడానికి ఊరిబిండి పచ్చడి. పక్క హోటల్లో ఇడ్లీ తిని కాఫీ తాగాం. నేను ఫోను చేతికిచ్చి దాని గొప్పలన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూశాడు.

"దీనికి రీలు యాడ ఉండాది?"

రీలు ఉండదని చెప్పి, గోరంత మెమరీ కార్డు తీసి చూపించాను. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మూడు పాయింటు రెండు అంటే శానా పెద్దదా పాపా?" అని అడిగాడు. చాలా పెద్దదన్నాను. ఆ మాట ఎంత ముంచుతుందో నాకప్పుడు తెలియదు.

ఏడూ నలభైకి బంగారుపేట బస్సు. అక్కడ స్టేషన్లో టీ తాగి, తొమ్మిది ప్రాంతంలో మారికుప్పం పోయే రైలెక్కాం. మీరు వెళ్ళేటట్టయితే కిటికీ పక్కన కూర్చోండి, ఏ వైపైనా ఫరవాలేదు. నెమ్మదైన రైలు. మంచు ఇంకా విడలేదు. మామిడి తోపులు పూత మీద ఉన్నాయి. ఆ వాసన పెట్టెలోకి వచ్చి కాసేపు మనతోపాటు ప్రయాణం చేసి దిగిపోతుంది. నాకు కళ్ళు తెరిచే నిద్రపోతున్నట్టుంది. కిటికీ బయటిదంతా వీడియో తీశాను. చెవిలో రేడియో పెట్టుకున్నాను. ఎదుటి బల్ల మీద చామంతుల బుట్టతో కూర్చున్నామె, "మా పూలు తియ్యమ్మా, నేనొద్దు" అంటే బుట్ట మీదికి వంగి పన్నెండు ఫోటోలు తీశాను. రేకు మీద నీటిచుక్క కూడా కనబడింది. నేను లోకాన్ని మరిచిపోయాను. ఛార్జింగు గీతలు ఒక్కొక్కటే తగ్గుతున్న సంగతి కూడా మరిచిపోయాను.

పక్కన ఒకతను మఫ్లరు చుట్టుకుని కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు. బెంగుళూరులో రాత్రి కాపలా ఉద్యోగమట. రైలు కుదుపుకి లేచి, "ఊరిగాం దాటినామా?" అన్నాడు. ఇంకా లేదని మామ చెప్పాడు. "మా నాయన షిఫ్టుకి భూమిలోకి దిగేవోడు, నేను బెంగుళూరికి దిగతాను. ఆయనకే మేలు, ఇంటికి దగ్గిర" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

పది కావస్తుండగా ఛాంపియన్ అనే స్టేషన్లో దిగాం. స్టేషను బయటికి రాగానే తెల్లటి కొండలు. అవి కొండలు కావు, రాతిని పిండిచేసి బంగారం తీసుకున్నాక మిగిలిన మన్ను. దాన్నే ఇక్కడ సయనైడు దిబ్బలంటారు. మంచులో వాటికి అంచులు కనబడలేదు. ఎక్కడ దిబ్బ అయిపోయి ఎక్కడ ఆకాశం మొదలవుతోందో తెలియలేదు. ఆ తెలుపులోంచి గని నోటి మీది ఇనుప చట్రం ఒకటి, పైన రెండు చక్రాలతో, తేలుతున్నట్టు కనబడింది. చక్రాలు తిరగడం లేదు. మామ ఆగి వాటినే చూశాడు. నేను ఫోను తీయబోతే, "ఉండు పాపా, ముందు కండ్లతో చూడు" అన్నాడు.

రేకుల ఇళ్ళ వరసలు దాటుకుంటూ నడిచాం. తన పాత క్వార్టరు చూపించాడు. ఇప్పుడెవరిదో, గుమ్మంలో గులాబీ కుండీలున్నాయి. పదకొండున్నరకు గని గేటుకు ఇవతల వేపచెట్టు కింద కూర్చుని భోంచేశాం. తినేముందు మామ ముద్దను రెండుగా విరిచి, ఒక నిమిషం అట్లాగే ఉంచాడు. నా చిన్నప్పటినుంచీ ఆయన అట్లాగే చేసేవాడు. వేడి చల్లారడానికేమో అనుకునేదాన్ని. ఇప్పుడు ముద్ద చల్లగా ఉన్నా విరిచి చూసుకున్నాడు. ఒక ముద్ద మిగిలితే తిరుగు దారికని డబ్బాలో పెట్టాడు.

గేటు దగ్గర కాపలా మనిషి నడివయసువాడు, గనులు మూతపడ్డాక వచ్చినవాడు. మామ తన పాత గుర్తింపు కార్డు చూపించాడు. "పాత స్టాఫా? రాండి అయ్యా. ఇంజను రూము తలుపుకి తాళం ఉండాది, కిటికీలోంచి చూసుకోండి. పది నిమిషాలు" అన్నాడు. అంత సులువుగా పనైపోయిందని నేను లోపలికి అడుగు వేయబోయాను. అప్పుడు మామ నిటారుగా నిలబడి చెప్పాడు.

"సార్, కెమెరా ఉండాది."

అతను నా చేతివైపు చూశాడు. "ఫోనే కదయ్యా."

"ఫోను కాదు సార్, కెమెరానే. మూడు పాయింటు రెండు."

అతనికి నవ్వు ఆగలేదు. తర్వాత తల గోక్కున్నాడు. "చెప్పకుంటే నేను చూసేవాణ్ణే కాదు. చెప్పినాక ఏం చేసేది? కెమెరాకి ఆఫీసు చీటీ కావాల, ఆదివారం ఆఫీసు లేదు. ఈడ పెట్టిపోండమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మామా, మనం వచ్చిందే దీనికోసం కదా! ఎవరు చెప్పమన్నారు నిన్ను?" అన్నాను. ఆయన నా మీద కోపగించుకోలేదు.

"దాచిపెట్టుకొని పొయ్యేదా పాపా, ఈ గేట్లో? అట్ల తీసిన ఫోటో నాకు దేనికి పనికొస్తాది?"

ఫోను కాపలా గది బల్ల మీద పెట్టి లోపలికి నడిచాను.

ఇంజను గది కిటికీ అద్దాలు దుమ్ముపట్టి ఉన్నాయి. మామ పంచె చెంగుతో ఒక అద్దం తుడిచాడు. లోపల గదంత చక్రం, దానికి చుట్టిన తాడు, పక్కన మెట్టు మీద ఒక ఇనుప సీటు. పైకప్పు సందులోంచి వెలుగు సరిగ్గా సీటు మీదే పడుతోంది. "గంట మూడుసార్లు కొడితే కేజిలో మనుషులున్నారని. అప్పుడు డ్రైవరుతో ఎవురూ మాట్లాడకూడదు" అన్నాడు. ఇంకేదో అడగబోతే వేలెత్తి ఆపాడు. కిటికీ బయటే నిలబడి, రెండు చేతులూ ముందుకు చాచి, కనబడని మీటను మెల్లగా లాగాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నాడు. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. నిజంగానే మా కాళ్ళ కింద ఎవరో దిగుతున్నారనిపించింది, ఆ మనుషులు క్షేమంగా ఆగాలని నేను ఊపిరి బిగబట్టాను. చివరికి ఆయన చేతులు దించి, "దిగినారు" అన్నాడు. నా కళ్ళు నిండాయి. ఫోటో లేదని బాధపడాలన్న సంగతే గుర్తురాలేదు.

తిరిగి గేటు దగ్గరికి నేను ముందు వచ్చాను. ఫోను తీసుకుని మూత జరిపితే ఛార్జింగు ఒక్క గీత, అదీ ఎర్రగా. వెనక్కి తిరిగి చూస్తే మామ గేటు లోపలే ఆగిపోయి ఉన్నాడు. పక్కనున్న సిమెంటు దిమ్మె మీద డబ్బా తెరిచి పెట్టాడు. మిగిలిన ముద్దను రెండుగా విరిచి మూతలో ఉంచాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విడదీసి, నోరు పెద్దగా తెరిచి నిలబడ్డాడు. కాపలా మనిషి అయోమయంగా చూస్తున్నాడు. తడిమి చూడటానికి ఎవరూ రావడం లేదు, ఆయన మాత్రం వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు షిఫ్టు దిగిన ప్రతిసారీ తనిఖీకి ఇట్లాగే నిలబడి ఉంటాడు. ముద్ద ఎందుకు విరుస్తాడో నాకు ఇన్నేళ్ళకు అర్థమైంది.

నా వేలు సగం నొక్కింది. చట్రం పచ్చబడింది. పూర్తిగా నొక్కేశాను. టక్కుమన్న చప్పుడుకి మామ ఉలిక్కిపడి చేతులు దించేశాడు. ఫోను తెర నల్లబడి ఆరిపోయింది.

మధ్యాహ్నం మూడింటి రైలెక్కాం. ఎండ పచ్చగా వాలి తెల్ల దిబ్బలు వెన్నరంగులోకి తిరిగాయి. నాకేమో దొంగతనం చేసినట్టుంది. కోరమండల్ స్టేషను దాటాక ఆయనే అన్నాడు, "అది చెరిపేయి పాపా. ఊర్లో చూస్తే దొంగను పట్టుకొన్నట్టు ఉండాది అంటారు." సరేనన్నాను. అసలు ఫోటో పడిందో లేదో కూడా తెలియదన్నాను.

ఐదున్నరకు కోలారులో పొద్దున తిన్న హోటల్లోనే కూర్చుని, గల్లాపెట్టె దగ్గర ఛార్జరు తగిలించాను. రెండు కాఫీలు అయ్యాక ఫోను మేలుకుంది. ఫోటో ఉంది. చెరిపే మీట దగ్గర వేలు పెట్టి, ఒక్కసారి చూడమని ఆయన ముందు ఉంచాను. వెనక ఇనుప చట్రం, చక్రాలు, గేటు, దిమ్మె మీద విరిచిన ముద్ద, మధ్యలో మామ. దగ్గరికి లాగి అరచేతులు చూపించాను. మీట లాగి లాగి కాచిన కాయలు, గీతలు, అన్నీ కనబడ్డాయి. ఆయన తెర మీదికి వంగాడు.

"చేతిలో ఏముండాది పాపా?"

"ఏమీ లేదు మామా."

"ముద్దలో?"

"ఏమీ లేదు."

"ఊఁ." తెర మీదినుంచి తలెత్తాడు. "ముప్పై ఏండ్లు దినామూ చూసినారు. ఒక్క దినమూ ఏమీ దొరకలేదు. నాకు సర్టిఫికెట్టు ఇంగేం కావాల? చెరపొద్దు. పెద్దది చేయించు."

బస్‌స్టాండు ఎదుటి స్టూడియోలో కార్డు ఇచ్చాం. "వెనక పూలతోట పెట్టేదా, మంచుకొండలా?" అని అడిగాడు స్టూడియో అతను. "ఏమీ వద్దప్పా, ఆ గేటు ఉండాల" అన్నాడు మామ. తడి ఆరని ఫోటోను అట్టముక్కల మధ్య పెట్టుకుని, "రేపు పాలకి నేనే పోతాను, అత్తకి ఫోను చేసి చెప్పు" అన్నాడు.

ఆరున్నరకు బెంగుళూరు బస్సు కదిలింది. ఎవరైనా కేజీఎఫ్ పోతే ఫోనులో ఛార్జింగు చూసుకుని పొండి, నేను ఇవ్వగల సలహా అదొక్కటే. ఆ ఊరు కళ్ళలో పడినంతగా కెమెరాలో పడదు. బస్సు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి వెనక్కి చూశాను. దీపాలు వెలుగుతున్న బస్‌స్టాండులో అట్టముక్కలు చంకలో ఇరికించుకుని మామ నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, నన్ను ఏడిపించడానికే, రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విడదీసి, నోరు తెరిచి నవ్వాడు. ఫోను ఒళ్ళోనే ఉంది, నేను తీయలేదు. నేనూ రెండు చేతులూ ఎత్తాను.