కడిగే ఫిల్టరు, పారేసే ఫిల్టరు

నోరు మూసుకుని సామాను అమ్ముకుంటే పోయేది. కొట్టుకు వచ్చినవాళ్ళకు సలహాలివ్వడం నాకున్న జబ్బు. గుడియాత్తంలో స్పేర్‌పార్ట్స్ షాపు పెట్టిన నాటి నుంచీ ఉంది.

పదకొండేళ్ళ క్రితం దేవరాజులు భార్య సుగంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. కే.వి.కుప్పం పక్క పల్లె వాళ్ళది. బావుల్లో బండకు తూట్లు పొడిచే కంప్రెసర్ ట్రాక్టరు కొత్తగా కొన్నాడు. ఇంజన్‌కు గాలి ఫిల్టరు కావాలన్నాడు. రెండు రకాలు చూపించాను. కాగితంది వాడి పారేయాలి. రెండోది నీళ్ళలో కడిగి ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. అతను కడిగేదే చేతిలోకి తీసుకున్నాడు.

"అది ఆరేదాకా బండి నిలిచిపోతాదప్పా. కాగితందే తీసుకో. దినామూ నీ కంప్రెసర్ గాలితోనే ఊదుకుంటే నాలుగు నెలలు వస్తాది," అన్నాను. కడిగేవి రెండు కొని మార్చుకుంటే సరిపోతుందన్న తెలివి నాకప్పుడు లేకపోయింది.

"ఊదేటప్పుడు ఎవురన్నా పట్టుకోవల్ల కదన్నా," అన్నాడు.

"నేను లేనా," అంది సుగంతి.

ఆ రోజు నుంచి సాయంత్రం ట్రాక్టరు ఇంటి ముందు ఆగగానే ఆమె పొయ్యి దగ్గరి పని వదిలేసి వచ్చేది. ఫిల్టరును రెండు చేతులా పట్టుకుని తిప్పుతుంటే, అతను దాని లోపలి నుంచి గాలి కొట్టేవాడు. రాతిపొడి తెల్లగా లేచి ఆమె మొహాన పడేది. కొంగు జారితే సర్దుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు. ఆఖరున ఫిల్టరును బల్బు వెలుతురుకు పెట్టి చూసేది. సూదిమొనంత చిల్లు కనబడినా పారేయించేది, లేదంటే మళ్ళీ బిగించేవారు. ఇంజన్ లోపలికి నలుసు పోకూడదు. ఆమెను చూసి నేర్చుకోండని కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. సిగ్గులేని నోరు.

పోయినేడు ఆమెకు దగ్గు పట్టుకుంది. మూడు మెట్లెక్కితే కూలబడిపోయేది. నా కారులోనే వేలూరు తీసుకెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఏ క్వారీలో పని అని అడిగాడు.

"యాడికీ పోదు సార్, ఇంట్లోనే ఉంటాది," అన్నాడు దేవరాజులు.

"మరి ఈ రాతిపొడి ఎక్కడిది? ఊపిరితిత్తుల నిండా ఉంది. లోపలికి పోయినది ఇక బయటికి రాదు."

"సాయంత్రం పూట ఫిల్టరు పట్టుకుంటా సార్," అంది సుగంతి మెల్లగా.

డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. దేవరాజులు నా వైపు చూడలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

పది రోజులకు కొట్టుకు వచ్చి, కడిగే ఫిల్టర్లు రెండు కావాలన్నాడు.

"దీన్ని ఇంకొకరు పట్టుకోవల్సిన పన్లేదు కదన్నా?"

"పన్లేదప్పా. బకెట్లో నానేసి నువ్వే కడుక్కోవచ్చు."

అతను తల వంచుకుని ఫిల్టరును అటూ ఇటూ తిప్పాడు.

"సుగంతే పంపించింది. 'నేను పోయినంక నీకు ఎవురు పట్టుకుంటారు, ఒక్కడివే చేసుకునేది ఉందేమో అన్నను అడుగు' అనింది."