ఒత్తకూడని చెంప

నరసక్కకు నలభై ఆరేళ్లు, వాళ్లక్క ముత్తక్కకు యాభై. అయినా ముత్తక్క మనవరాలి నామకరణంలో ఫొటోలు తీసేవాడు నరసక్కను చేయిపట్టి నడిమి కుర్చీలో కూర్చోబెట్టినాడు. ముత్తక్కను చూపించి "ఈమె నీ కూతురా అవ్వా?" అని అడిగినాడు. ముత్తక్క నవ్వి నవ్వి పాయసం చీర మీద పోసుకునింది.

పాపం, వాడి తప్పేముంది. ముత్తక్క నాగలమడిక ఊర్లో నీడపట్టున కూర్చుని రవికలు కుట్టుకునేది. నరసక్కేమో ఒకప్పుడు తాను శనక్కాయ వేసి, తర్వాత కంపెనీకి గుత్తకిచ్చిన చేన్లోనే, ఇప్పుడు సోలార్ ప్యానెళ్ల సందుల్లో గడ్డి కోస్తుంది. పైనుంచి ఎండ, పక్కనుంచి ప్యానెళ్ల సెగ. ఐదేళ్లలో బుగ్గలు లోపలికి పోయి, ముక్కుకు అటొకటి ఇటొకటి కాలవలు పడినాయి.

"బెంగళూర్లో నీ కూతురు పనిచేసే కాడ బుగ్గలకు సూదులేస్తారంట గదే. పోయి ఏయించుకో. నాకంటే చిన్నదాని మాదిరి అయ్యేదాకా మా గడప తొక్కొద్దు" అనింది ముత్తక్క, ఇంకా నవ్వుతానే.

నరసక్క ఆ మాట మనసులో పెట్టుకునింది. మోకాలు చూపించుకోవాలని తోటి కూలోళ్లకు అబద్ధం చెప్పి బస్సెక్కింది. కూతురు వినుత పనిచేసే చర్మం ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండు బుగ్గల్లోకీ జిగురులాంటి మందు ఎక్కించింది.

"ఏడాదికంతా దానంతటదే కరిగిపోతుంది. రెండు వారాలు మాత్రం ముఖం ఒత్తుకోకూడదు, బోర్లా పడుకోకూడదు" అని చెప్పింది.

వాపు తగ్గినాక పోయి అక్కకు చూపించాల. అదొక్కటే నరసక్క ఆశ. అక్క ఏమని నవ్వుతుందో ముందే తెలిసినట్టు అద్దంలో చూసుకుని నవ్వుకునింది.

మూడోరోజు పొద్దున బావ హనుమంతరాయప్ప ఫోన్ చేసినాడు. ముత్తక్క కుట్టుమిషను మీద తల వాల్చింది, మళ్లీ ఎత్తలేదంట.

మా వైపు సావింట్లో ఆడవాళ్లు వేరువేరుగా ఏడవరు. వచ్చినామె మెడ పట్టుకుని, చెంపకు చెంప ఆనించి ఏడుస్తారు. నరసక్క వాకిట్లో కాలుపెట్టగానే చిన్నాన్న కూతురు కెంచమ్మ చేతులు చాపుకుంటా వచ్చింది. నరసక్క చెయ్యి అడ్డం పెట్టింది. మనసు ఎక్కడో ఉన్నా, డాక్టరమ్మ మాట ఆ చేతికి గుర్తుండిపోయింది.

"ఏందే, సొంత అక్క పోతే ఒళ్లు తగలనియ్యవు?" అని కెంచమ్మ ఆమె ముఖం తేరిపార చూసింది. "ఆ బుగ్గలేంది, ఉబ్బి ఉండాయి?"

"పన్ను నొప్పి."

"రెండు పక్కలానా?"

వెనక ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వినారు. ఆ నవ్వు అక్కదై ఉంటే నరసక్కకు ఎంత హాయిగా ఉండేదో.

చాప మీద ముత్తక్క ముఖం నున్నగా ఉంది. ఒక్క ముడతా లేదు. నరసక్క పక్కన కూలబడి, "ఏయించుకోని వచ్చినా, చూడే" అనింది, ఎవరికీ వినపడకుండా. వంగి తన ఎడమ చెంపను అక్క చెంపకు ఆనించి గట్టిగా ఒత్తింది. శవాన్ని ఎత్తేదాకా తీయలేదు.

ఆ బుగ్గలో మందు పక్కకు జరిగి చింతగింజంత గడ్డ కట్టింది. "ఇంకొక సూది వేస్తే పోతుందంటమ్మా, రా" అని వినుత ఫోన్ చేస్తానే ఉంది. "ఉండనీలే" అంటుంది నరసక్క. గడ్డి కోసేటప్పుడు నడుమ నడుమ కొడవలి ఆపి, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు కింద వేలు పెట్టి తడుముకుంటుంది. అక్క చెంప ఆనిన చోటు అది.

ఎనిమిది నెలలైంది. చింతగింజ కందిగింజంతయింది. ఈ మధ్య వేలికి దొరకాలంటే కాసేపు వెతుక్కోవాల్సి వస్తోంది.