నేను తీసేసిన రెండు లైన్లు

ఆ రోజు ప్రోగ్రాంలో రెండు లైన్లు తీసేశాను. అవి ఎందుకున్నాయో ఎవరినీ అడగలేదు. తీసేశాక సత్తెనపల్లి లెక్కతో ఒకసారి నడిపి చూశాను. నిన్న ఇచ్చిన తేదీనే మళ్ళీ ఇచ్చింది. దర్శి లెక్కతో నడపలేదు. నడిపితే ఐదు నిమిషాలు పట్టేది. భోజనం వేళయిందని లేచిపోయాను.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళవి. గుంటూరు దగ్గర ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ గది నా చేతిలో ఉండేది. పత్తిలో శనగపచ్చ పురుగు ఎప్పుడు గుడ్లలోంచి బయటికొస్తుందో ముందుగా చెప్పే ప్రోగ్రాం మా దగ్గర ఉండేది. పురుగు క్యాలెండరు చూసి పెరగదు, వేడిని బట్టి పెరుగుతుంది. రోజూ ఎంత వేడి తగిలిందో కూడుకుంటూ పోతే, ఆ కూడిక ఒక గుర్తుకు చేరిన రోజున తరవాతి తరం పుడుతుంది. పుట్టిన రెండు మూడు రోజుల్లో, దారప్పోగంత ఉన్నప్పుడే మందు కొట్టాలి. ముందు కొడితే మందు వృథా. ఆలస్యమైతే పురుగు కాయలోకి దూరిపోతుంది, ఇక మందు తగలదు. అందుకే రైతుకి కావలసింది ఒక్క తేదీ.

ఆ సూత్రాలన్నీ మా శాస్త్రవేత్త మేడంవి. ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో ఆవిడే రాసుకున్నారు. నేను వచ్చాక దాన్ని బాగు చేస్తున్నానని అనుకునేవాణ్ణి. అప్పుడావిడ మూడు వారాల శిక్షణకు వేరే ఊరు వెళ్ళారు. ఆవిడ వచ్చేసరికి పాత చెత్తంతా ఊడ్చి, శుభ్రమైన ప్రోగ్రాం చూపించాలని నా ఆరాటం.

సత్తెనపల్లి, సింగరాయకొండ, దర్శి. ఈ మూడు చోట్ల నుంచి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్లో ఉష్ణోగ్రతలు చెప్పేవారు. దర్శి పక్క ఊళ్ళో ఆ పని చేసే ఆయన మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్కు. ముస్లిం, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. మూడెకరాలు పత్తి కూడా వేసేవారు. పదో తరగతి దాకా చదివారు. మేడం ఒకసారి లెక్క ఎలా వెయ్యాలో చెబితే, అప్పట్నుంచీ పొడుగు నోటుబుక్కుల్లో చేత్తో వేసుకుంటూ వచ్చారు. మేము చెప్పిన తేదీని తన షాపు గోడమీది నల్లబోర్డు మీద రాసేవారు. ఊరంతా అది చూసి మందు కొట్టేది.

నేను లైన్లు తీసిన మర్నాడు దర్శికి కొత్త తేదీ వచ్చింది. నిన్నటిదాకా ఇంకా వారం ఉందన్నది, రేపే అంది. వారం రోజులు ఒక్క రాత్రిలో ఎక్కడికి పోయాయని నన్ను నేను అడగలేదు. ఫోన్లో చదివేశాను.

"రేపేనా సార్? నా పుస్తకంలో ఇంకా వారం చూపిస్తందండి."

"మీది చేత్తో వేసిందండీ. ఇది కంప్యూటర్ వేసింది."

"కాదనట్లేదు సార్. పొద్దున చేలో నాలుగు సాళ్ళు తిరిగొచ్చా. ఆకు మీద గుడ్డు గూడా కనపళ్ళేదు."

"మీకు కనపడకపోవచ్చు. బోర్డు మీద రాయండి."

"సరేనండి. మీరు రాయమన్నారు గాబట్టి రాస్తా," అన్నారు.

రాశారు. రెండు రోజుల్లో ఊరంతా మందు కొట్టింది. వారం తిరిగాక పురుగు పుట్టింది. అప్పటికి ఆకు మీద మందు బలం పోయింది. చేతిలో డబ్బున్నవాళ్ళు మళ్ళీ కొట్టారు, లేనివాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. ఆయన ఫోను చేసి, "సార్, పురుగు ఇప్పుడొచ్చింది," అన్నారు. తిట్టలేదు.

"ముసురు పట్టింది గదండీ, వాతావరణం మారితే లెక్క కూడా మారుతుంది," అన్నాను.

ఆ మాట అనేటప్పటికి నేను ఇంకా ఏమీ చూడలేదు. ఫోను పెట్టేశాక చూశాను. నేను తీసేసిన లైన్లు చెప్పేది ఇదీ: ఉష్ణోగ్రత అరవై దాటితే దాన్ని ఫారన్‌హీటుగా లెక్కించి సెల్సియస్‌లోకి మార్చు. మన దగ్గర ఎంత ఎండైనా అరవై దాటుతుందా అని నవ్వుకుని తీసేశాను. దర్శి ఆయన దగ్గరున్నది పాతకాలపు ఫారన్‌హీటు థర్మామీటరు. ఆయన చెప్పేవి డెబ్బయ్యారు, తొంభై. నేనే రోజూ రాసుకుంటున్నాను. రాసుకుంటూ కూడా ఆలోచించలేదు.

అంత పెద్ద అంకెలు వెళ్తే లెక్క వికారంగా రావాలి, అప్పుడైనా పట్టుకునేవాణ్ణేమో. కానీ ప్రోగ్రాంలో ఇంకో నియమం ఉంది. ఒక హద్దు దాటిన వేడికి పురుగు ఇంకా వేగంగా పెరగదు కాబట్టి, ముప్పై ఐదు దాటిన ప్రతిదాన్నీ ముప్పై ఐదుగానే తీసుకుంటుంది. డెబ్బయ్యారూ ముప్పై ఐదే, తొంభయ్యీ ముప్పై ఐదే. అంటే నా ప్రోగ్రాంకి దర్శిలో రాత్రీ పగలూ వేసవి మధ్యాహ్నమే. రోజూ మొదటి నుంచీ మళ్ళీ కూడుతుంది కాబట్టి, వెనకటి రోజులన్నీ కూడా అలాగే అయిపోయాయి. ఎక్కడా ఆగకుండా, నమ్మదగ్గట్టు ఉండే ఒక తప్పుడు తేదీ ఇచ్చింది.

ఆ రెండు లైన్లూ తిరిగి పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. తీయడం తెలివితక్కువ. చెప్పకపోవడానికి ఆ పేరు చాలదు. నాలుగు రోజులు మామూలుగా ఆఫీసుకి వెళ్ళొచ్చాను. ముసురు వల్లే అని ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా.

ఐదో రోజు దర్శి బస్సులో ఒక మూట వచ్చింది. తువ్వాలులో చుట్టిన థర్మామీటరు, ఐదు నోటుబుక్కులు, ఒక చీటీ. "సార్, ఇక నేను చదవలేను. వేరే మనిషిని చూసుకోండి." ఆఖరి పుస్తకంలో ఆ రోజు పేజీ తీశాను. కూడికలు వరసగా ఉన్నాయి, ఇంకా వారం ఉందని ఆయన వేసుకున్న తేదీ ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలతో, "సార్ రేపు అన్నారు." అంతే ఉంది.

మేడం ఆ మధ్యాహ్నమే వచ్చారు. ఆవిడ బ్యాగు కింద పెట్టకముందే మొత్తం చెప్పేశాను.

"దర్శి ఆయనకి చెప్పావా?"

"లేదు మేడం."

"మరి నాకెందుకు చెప్తున్నావు? బస్సు ఎన్నింటికో కనుక్కో."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. షాపు ముందు బల్ల మీద నలుగురు రైతులు కూర్చున్నారు. ఆయన లోపల ఒక సబ్‌మెర్సిబుల్ మోటారు విప్పుకుని, దాని గాడుల్లోకి కొత్త రాగి తీగ చుట్టలు ఒక్కొక్కటిగా దించుతున్నారు. గోడమీది నల్లబోర్డు మీద ఏమీ లేదు, తడిగుడ్డతో తుడిచిన చారలు తప్ప. నన్ను చూసి తల ఊపారు.

పెద్ద వయసు రైతొకాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం సాయిబూ, ఈయనేనా నీ కంప్యూటరు?" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు.

నిలబడే చెప్పాను. తేదీ తప్పు నాదని, ఈయన కాదన్నా నేనే బోర్డు మీద రాయించానని చెప్పాను.

"మరి ముసురన్నావంటగా?"

"అబద్ధం చెప్పానండి."

"ఆ మాట పురుక్కి చెప్పు పో. కాయలో కూచోనుంది," అన్నాడు ఆ పెద్దాయన. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంకొకాయన లేచి, చేలోంచి తెచ్చిన కాయ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కాయకి కన్నం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకున్నాను.

లోపలాయన తన పనిలోనే ఉన్నారు. ఒక చుట్ట దించి, రెండు కొసలకీ సీరీస్ బల్బు తీగలు ఆనించారు. బల్బు వెలిగింది, తీగ ఎక్కడా తెగలేదన్నమాట. ఇంకో చుట్ట దించారు, మళ్ళీ ఆనించారు.

"ప్రతి దానికీ చూస్తారా?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"మోటారంతా బిగించి బోరులో దించాక చూస్తే, తప్పు ఏ చుట్టలో ఉందో ఎవుడికి తెలుసుద్ది సార్? మళ్ళీ పైపులన్నీ పైకి లాగాల. మీరేమో బోరులో దించి స్విచ్చేశారు."

"థర్మామీటరు తెచ్చాను," అన్నాను.

"ఉంచండి మీకాడే. ఇప్పుడు గాదు."

తిరుగు బస్సులో ఆ తువ్వాలు మూట నా ఒళ్ళోనే ఉంది.

చదువుకున్నవాణ్ణి, ఆ బల్బు లాంటిది నా పనికీ కావాలని ఎప్పుడూ తోచలేదు. బయటి దేశాల్లో ప్రోగ్రాం మార్చిన ప్రతిసారీ దానంతటదే పరీక్ష జరిగేట్టు ఏర్పాటు చేసుకుంటారని ఎక్కడో చదివాను. దానికి కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ అని పేరు. పెద్ద కంపెనీల సంగతి, మనకెందుకని అప్పుడు పేజీ తిప్పేశాను.

మూలన పడేసిన పాత కంప్యూటరొకటి మేడంని అడిగి తీసుకున్నాను. దానికి ఒకటే పని. గంటకోసారి ప్రోగ్రాంలో ఎవరైనా ఏమైనా మార్చారా అని చూస్తుంది. మార్చి ఉంటే కొత్తదాన్ని తనే తయారుచేసి, లెక్కలు తెలిసిన పాత రోజులన్నిటి మీదా నడుపుతుంది. అన్నీ సరిపోతేనే కొత్త ప్రోగ్రాం వాడుకలోకి పోతుంది. ఒక్కటి తప్పినా పాతదే ఉంటుంది, ఎర్ర అక్షరాలతో ఏ పేజీ తప్పిందో చెబుతుంది.

లెక్కలు తెలిసిన పాత రోజులు ఎక్కడివంటే, దర్శికి ఆ ఐదు నోటుబుక్కులే. మిగతా రెండు చోట్లకీ మేడం దగ్గరున్న పాత లెక్కల్లోంచి కొన్ని పేజీలు తీసుకున్నాను. రోజూ సాయంత్రం ఒక గంట కూర్చుని పేజీ పేజీ ఎక్కించాను. రెండు నెలలు పట్టింది.

మొదటిసారి నడిపినప్పుడు సగం పైగా తప్పాయి. చేతి లెక్కకీ యంత్రం లెక్కకీ చివరి అంకెల్లో తేడా వస్తుంది, అది తప్పు కాదు. కానీ ఎంత తేడాను ఒప్పుకోవాలి? పుస్తకాల్లో వెతికాను. చివరికి దర్శికి ఫోను చేసి అడిగాను.

"సగం రోజైతే పర్లేదు సార్. పొద్దున కొట్టాల్సింది సాయంత్రం కొడతారు. అంతకు మించితే ఒప్పుకోమాకండి."

సగం రోజే పెట్టాను. మూడు పేజీలు మాత్రం ఇంకా తప్పుతూనే ఉన్నాయి. రెండిటిలో కూడిక ఆయనదే తప్పు. చెబితే, "తేదీ ఏంది సార్? ఆ... మా అమ్మాయి పురుటి రోజులవి, ఆస్పత్రిలో కూచుని వేశా," అన్నారు. మూడోది ప్రోగ్రాం తప్పు. ఫోను రాని రోజున ఉష్ణోగ్రతను సున్నా కింద తీసుకుంటోంది. అది మేడం రాసిన భాగం, ఏళ్ళుగా ఉంది. చూపించాను. ఆవిడ తెర మీద ఆ లైను చూసి, "ఆ పేజీని కూడా పరీక్షల్లో ఉంచెయ్యి," అన్నారు.

తరవాతి పంట పత్తి గింజ పెట్టకముందు, ఆయన గుంటూరు వచ్చి మా గదికొచ్చారు. పాత కంప్యూటరు ముందు కుర్చీ వేశాను. నడిపి చూపించాను. అన్ని పేజీలూ సరిపోయాయని వచ్చింది.

ఆయనకి అది చాలలేదు. "బల్బు వెలగడం చూపించారు. ఆరడం గూడా చూపించండి. ఆరని బల్బుతో పనేముంది?"

నాకర్థమైంది. ఆ రెండు లైన్లే తీసేశాను. ఈసారి ఆయన చూస్తుండగా తీశాను. యంత్రం నడిచింది. సత్తెనపల్లి పేజీ సరి, సింగరాయకొండ సరి. దర్శి మొదటి పేజీ దగ్గర ఎర్ర అక్షరాలు వచ్చాయి, ఆ కింద ఇంకోటి, తరవాత తెర నిండా అవే.

ఆయన వంగి, ఒక్కో తేదీ వేలితో చూపిస్తూ చదివారు. ఒకచోట వేలు ఆగింది. ఏ తేదీయో నాకు చూడకుండానే తెలుసు.

లేచి, అల్మరా మీదున్న తువ్వాలు మూట తనే తీసుకున్నారు. "బస్సుకి టైమైంది సార్," అన్నారు.

ఆయన వెళ్ళాక రెండు లైన్లూ తిరిగి పెట్టాను. వాటి పైన ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగులో రాశాను: దర్శి థర్మామీటరు ఫారన్‌హీటుది. ఈ రెండు లైన్లు తియ్యమాకండి. ఒకసారి నేను తీశాను.

మర్నాడు ఎనిమిదిన్నరకి దర్శి నుంచి ఫోనొచ్చింది. ఎక్కువ, తక్కువ, రెండు అంకెలూ రాసుకున్నాను. ఫోను పెట్టెయ్యబోతూ ఆగి, మీ పుస్తకంలో ఎంతొచ్చిందండీ అని అడిగాను. చెప్పారు. దాన్నీ వాటి పక్కన రాసుకున్నాను. ఆ పంటకాలమంతా రోజూ అడిగాను.