సన్నపారలో వచ్చిన ఇసుక

మొన్న శుక్రవారం మా వీధిలో ఇంటర్నెట్టు తీగ వేయడానికి ఒక యంత్రం వచ్చింది. ఈ కొసన ఒక గుంత, ఆ కొసన ఒక గుంత తవ్వుకుని, మధ్యలో రోడ్డును ముట్టుకోకుండా భూమి లోపలే తొలుచుకుంటూ పోయే యంత్రం అది. దాని రొదకు ఇరుగుపొరుగు తలుపులు వేసుకుంటే, నేను మాత్రం కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేసుకుని కూర్చున్నాను. తిరుపతిలో ఒంటరిగా ఉంటున్న నాలాంటి రిటైరయిన మనిషికి వీధిలో ఎవరు ఏం తవ్వినా అదొక కాలక్షేపం. యంత్రం పని ముగిశాక, గుంత నుంచి మా గోడ దాకా తీసిన సన్నటి కాలువలో రాలిన మన్ను ఎత్తడానికి వాళ్లలో ఒకతను వ్యానులోంచి ఒక పనిముట్టు తీశాడు. అరచెయ్యంత వెడల్పు రేకు, లోపలికి వంచిన అంచులు, పసుపుపచ్చ ప్లాస్టిక్కు పిడి. ఒకసారి ఇవ్వమని అడిగి తీసుకున్నాను. చేతులు వాటంతటవే పట్టుకోవలసిన చోట పట్టుకున్నాయి. అతను నవ్వి, "ఏం పెద్దాయనా, నీకిది వాడను తెలుసునా?" అన్నాడు. దాన్ని తిరిగి ఇచ్చేసి లోపలికి వచ్చాను. అప్పటినుంచీ మనసు బాగాలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ఫోను తీగలు భూమిలో వేయాలంటే ఊరి పొడుగునా మనుషులే కాలువ తవ్వేవాళ్లు. నడుము లోతు, అడుగు వెడల్పు. అంత ఇరుకులో మామూలు పార ఆడదు, గంప దిగదు. అందుకని అరిగిపోయిన పారను పాకాలలో కమ్మరి ఆచారి దగ్గరికి తీసుకుపోయి, రెండు పక్కలా కోయించి, అంచులు వంచి, మెడ కాస్త లోపలికి తిప్పించి, నిలువెత్తు సరుగుడు కర్రకు బిగించుకునేవాళ్లం. దాన్ని సన్నపార అనేవాళ్లం. కాలువకు చెరో గట్టున ఒక కాలు వేసి నిలబడి, దాన్ని కిందికి దించి, వదులు మన్నును మన వైపు లాగి, కుండ అడుగున మిగిలిన పప్పును గరిటెతో తోడినట్టు పైకి తోడాలి. చూసేవాళ్లకు తేలిక పనిగా కనిపించేది కానీ, మొదటి నెల నేను రాత్రిళ్లు నడుం నేలకు ఆనించలేకపోయాను.

ఆ పనిలో నన్ను చేర్పించింది మా బావ, అంటే మా పెద్దక్క భర్త. మా నాయన పోయాక అక్కే నన్ను పాకాలకు తెచ్చి తన ఇంట్లో పెట్టుకుంది. బావ అప్పటికే చాలా ఏళ్లుగా తిరుపతి టెలిఫోను ఆఫీసులో దినకూలీ మీద పనిచేస్తున్నాడు. ఎప్పటికైనా పర్మనెంటు చేస్తారని, ఆ ఒక్క ఆశతో ఎండా వానా లెక్కచేయకుండా పోయేవాడు. ఆయన ముందు గడ్డపారతో పొడుస్తూ పోతే, నేను వెనక సన్నపారతో తోడుతూ పోయేవాణ్ణి. పొద్దున పాకాలలో చిన్న రైలెక్కి తిరుపతిలో దిగడం, సాయంత్రం అదే రైల్లో తిరిగి రావడం, మధ్యాహ్నం అక్క కట్టిచ్చిన ఒకే క్యారియరులో సంగటి, ఊరుబిండి పచ్చడి ఇద్దరం తినడం, ఇదే మా బతుకు. అంతకన్నా సుఖంగా ఎప్పుడైనా ఉన్నానా అంటే, లేనని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

గడ్డపార పట్టినవాడు ముందుకు చూస్తూ పోతాడు, అడుగున ఏముందో వాడికి కనిపించదు. కనిపించేది వెనక మన్ను తోడేవాడికే. తిరుపతి నేల ఎర్రమన్ను, గులకరాళ్లు. పాత తీగ ఎక్కడైనా ఉంటే దాని చుట్టూ స్వర్ణముఖి నది తెల్ల ఇసుక పోసి, పైన ఇటుకలు పరిచి ఉంటారు. అందుకని బావ పది పోట్లకోసారి వెనక్కి తిరక్కుండానే కేకేసేవాడు.

"రేయ్, ఎట్లుండాది?"

"ఎర్రమన్నే బావా."

ఇసుక వస్తే ఆగమని అరవాలి. మా పనిలో సూత్రమంటూ ఉంటే ఇదొక్కటే. దీని కోసమే వెనకవాడి కూలి.

నాకు ఇరవై దాటాక అక్క కార్వేటినగరంలో ఒక సంబంధం చూసింది. నేనూ బావా వెళ్లాం. ఎంత తోమినా పోని ఎర్రమన్ను నా కాళ్లకూ గోళ్లకూ పట్టి ఉంటుంది కదా, పిల్ల వాళ్ల అవ్వ కాఫీ ఇస్తూ నా పాదాలు చూసి ఏదో అడిగింది. సంబంధం కుదరలేదు, పర్మనెంటు కాని పిల్లవాడికి ఇవ్వలేమన్నారు. అది సరే. మరునాడు మధ్యాహ్నం, పనివాళ్లంతా వేపచెట్టు కింద కూర్చుని తింటుండగా బావ లేచి నిలబడి, ఆ ముసలామె గొంతు పెట్టి, "అబ్బోడా, నువ్వు పెండ్లికొడుకువా, బావిలో పూడిక తీసేదానికి వొచ్చినోనివా?" అని అభినయించాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. బావ బామ్మర్దిని ఆటపట్టించకపోతే ఇంకెవరు పట్టిస్తారు చెప్పండి. ఇంకో రోజైతే నేనూ నవ్వేవాణ్ణే. ఆ రోజు మాత్రం తింటున్న సంగటి వదిలేసి లేచిపోయాను. అప్పటినుంచి బావతో మాట్లాడడం మానేశాను.

ఎనిమిది రోజులు. రైల్లో పక్కపక్కనే కూర్చుని, మధ్యలో క్యారియరు పెట్టుకుని, ఆయన ఆ కిటికీలోంచి, నేను ఈ కిటికీలోంచి చూసేవాళ్లం. అక్క బతిమాలింది, తిట్టింది. బావ కూడా రెండు మూడుసార్లు, "ఇంగా ఎన్ని దినాలప్పా మూతి ముడుసుకోనుంటావు? ఊరికే ఎగతాళికి అంటిని గదా," అన్నాడు. నేను పలకలేదు. ఆ బింకంలో ఏదో రుచి ఉంటుంది, కోపిష్టివాళ్లకు తెలుస్తుంది. పనిలోనూ అంతే. "ఎట్లుండాది?" అని ఆయన అడిగితే నేను జవాబు చెప్పేవాణ్ణి కాను. ఒకటి రెండు రోజులు తిరిగి చూశాడు, తర్వాత అలవాటు పడిపోయాడు. నేను మాట్లాడకపోతే ఎర్రమన్నే అని ఆయన లెక్క. నిజంగా ఏమైనా ఉంటే కోపం మానుకుని అరుస్తానని ఆయనకు నమ్మకం.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, రేణిగుంట రోడ్డు పక్కన, సన్నపారలో తెల్లగా వచ్చింది. ముందు గుప్పెడంత, రెండోసారి పార నిండుగా. ఇటుకలు లేవు, ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయినట్టున్నారు. అది నది ఇసుకేనని తెలుసుకోవడానికి నాకు వేళ్లతో నలిపి చూడాల్సిన పని కూడా లేకపోయింది. సరిగ్గా అప్పుడే బావ అడిగాడు. నోరు తెరిచాను. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట నేనే మాట్లాడితే ఓడిపోయినట్టవుతుందని అనిపించింది. ఇంకొక్క పోటుకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఇసుకను గట్టు మీద వేసి మళ్లీ పార దించాను. బావ ఒక నిమిషం ఆగి, తిరక్కుండానే గడ్డపార ఎత్తి బలంగా వేశాడు. ఆ చప్పుడు మన్నులో దిగిన చప్పుడు కాదు.

సగం ఊరి ఫోన్లు ఆగిపోయాయి. ఆస్పత్రిది కూడా ఆగిందని తర్వాత చెప్పారు. గంటలో ఇంజనీరు జీపులో వచ్చి, కాలువలోకి చూసి, నేరుగా నా వైపు తిరిగి ఇసుక రాలేదా అని అడిగాడు. నేను ఏదో ఒకటి చెప్పేలోగా బావ అడ్డం వచ్చాడు.

"రాల్యా సార్. వొచ్చుంటే మావోడు సెప్పేవోడే. నేనే కండ్లు మూసుకోని పొడిస్తిని."

ఆయన నిలబడింది ఆ ఇసుక కుప్ప పక్కనే. కాలు దాని మీద ఉందో లేదో నేను చూడలేదు, తలెత్తలేదు. ఆయన నన్ను కాపాడడానికి అబద్ధం ఆడాడా, నిజంగానే నేను అరిచి ఉండేవాణ్ణని నమ్మాడా, ఇన్నేళ్లయినా నాకు తెలియదు. తెలిసిందల్లా, అప్పుడైనా నోరు విప్పి ఉంటే సరిపోయేదని. రెండోసారీ విప్పలేదు. మొదటిదానికి కోపం అని చెప్పుకోవచ్చు, రెండోదానికి భయం తప్ప ఇంకే పేరూ లేదు.

పర్మనెంటు చేయబోయేవాళ్ల జాబితా ఆ నెలలోనే తయారవుతోంది. అందులో బావ పేరు కొట్టేసి, ఇక పనికి రావద్దన్నారు. రెండేళ్లకు వచ్చిన జాబితాలో నా పేరు వచ్చింది. కార్వేటినగరం వాళ్లే కబురు పంపి పిల్లనిచ్చారు. ఆమెతో ముప్ఫై ఏళ్లకు పైగా కాపురం చేశాను, మంచి మనిషి, పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. ఆమెకు కూడా ఈ సంగతి చెప్పలేదు. నా జీతంతో తెచ్చిన ప్రతి వస్తువునూ బావ మెచ్చుకునేవాడు, అది నాకు శిక్షలాగే ఉండేది.

బావ తర్వాత చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలి చేస్తూ, ఆ పని లేని రోజుల్లో బావుల్లో పూడిక తీస్తూ బతికాడు. కార్వేటినగరం అవ్వ నన్ను అడిగిన మాట ఆయనకే నిజమైంది. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉండేవాడు, ఎగతాళి కూడా మానలేదు. మారింది నేనే. ఆయన ఎదురుగా పది నిమిషాలు కూర్చోలేక ఏదో పని ఉందని లేచిపోయేవాణ్ణి. డబ్బున్నవాడు, గొప్పకు పోతున్నాడని చుట్టాలు అనుకున్నారు, అననిచ్చాను. చివరి రోజుల్లో బావ ఆస్పత్రిలో ఉంటే, ఈసారి చెప్పి తీరాలనుకుని వెళ్లాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "మన ఇండ్లల్లో ఒగడన్నా నెల జీతం తీస్కున్న్యాడు, అది సాల్లేరా," అన్నాడు. నేను బత్తాయి వలిచి తినిపించి వచ్చేశాను.

ఇప్పుడు మేం వేసిన ఆ తీగలు కూడా చాలావరకు భూమిలో లేవు, రాగి కోసం పీక్కున్నంత పీక్కుని మిగిలినవి వదిలేశారని విన్నాను. తవ్వడానికి ముందొకడూ వెనకొకడూ అక్కర్లేదు. యంత్రం దగ్గర నిలబడ్డవాడు చెవుల్లో ఏదో పెట్టుకుని పాటలు వింటూ మీట నొక్కుతాడు. నడుములు విరగడం లేదు, సంతోషమే. కాని వెనకవాడు చూసుకుంటాడులే అని ఒక మనిషి తిరిగి చూడకుండా పని చేసుకుపోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆ కాలం పోయిందని బాధపడే అర్హత నాకు అందరికన్నా తక్కువ, బాధ మాత్రం తక్కువగా లేదు.

అక్క ఇంకా పాకాలలోనే ఉంది. ఎనభై దాటింది, రోజూ పొద్దున ఫోను చేస్తుంది. తిన్నానా, మందులు వేసుకున్నానా అని అడిగాక, ఏదో ఒక మాటలోంచి బావలోకి వెళ్లిపోతుంది. "మీ బావ అంటానే ఉన్న్యాడు, వాడు ముక్కోపి గాని, మనసులో ఏందీ దాసుకోడని." నేను ఊఁ అంటాను. దీన్ని చెప్పుకోవలసిన మనిషి లోకంలో ఇక ఆమె ఒక్కతే మిగిలింది, నన్ను పొద్దున్నే పలకరించే మనిషి కూడా ఆమె ఒక్కతే. ఇదంతా మీకు రాయగలిగానంటే ధైర్యం వచ్చి కాదు, మా అక్కకు చదువు రాదు.