లోడు పోసిన మడి

2022 వర్షాకాలంలో నేను కన్నడనాట, మహదేవపుర దాటాక ఉన్న ఒక చిన్న మట్టి పరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నా, మధ్యలో మిగిలిన పొలం చెక్కల్లో ఇంకా ఆకుకూరలు పండేవి. ఆ మడుల రైతులే మాకు గిరాకీ.

నరసింహప్ప వాళ్ళలో ఒకడు. అరవై దాటిన మనిషి. రెండు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం. అరెకరంలో పాలకూర, కొత్తిమీర వేసేవాడు. జూలైలో సంచిలో మట్టి తెచ్చి, "సత్తువ ఉండాదా చూడండి మేడమ్" అన్నాడు. ఏ ఎరువు వేశారని అడిగాను.

"లోడు పోసినా" అన్నాడు, తల కొంచెం దించుకొని.

బండెడు పేడ కాబోలనుకొని నేను ఫారంలో 'పశువుల ఎరువు' అని రాసేసుకున్నాను. ఎప్పుడూ చేసే పరీక్షలే చేశాను. ఆర్గానిక్ కార్బన్, అంటే మట్టిలో కుళ్ళి కలిసిన పదార్థం, చాలా బాగా ఉంది. బంగారంలాంటి నేల అని మెచ్చుకొని మరీ పంపించాను. తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సెప్టెంబరులో మళ్ళీ వచ్చాడు. పాలకూర పసుపు తిరిగిపోతోందన్నాడు. ఈసారి నేనే పొలానికి వెళ్ళాను. గట్టు పక్కన సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకరు ఆగి ఉంది. ఇక్కడి రైతుల మాటల్లో లోడు అంటే మనుషుల మలమని నాకు అప్పుడే తెలిసింది.

తిడదామని నోరు తెరిచాను. ఆయన చెప్పింది విన్నాక మూసుకున్నాను. యూరియా మూటలు కొనే పని లేకుండా పన్నెండేళ్ళుగా ఆ సంసారాన్ని నడిపింది లోడే. ట్యాంకరువాడికి దించుకునే చోటు, ఈయనకు ఎరువు. అదీ అడ్డదిడ్డంగా కాదు. గుంటలో పోసి, ఎండుటాకులు కప్పి, ఎండాకాలమంతా మాగనిచ్చాకే మడిలో వేసేవాడు. పచ్చిది వేస్తే నులిపురుగుల గుడ్లు ఆకుకు అంటుకుంటాయని ఆయనకు బాగా తెలుసు.

"మరి ఈసారి ఏమైంది?"

"జూన్‌లో వచ్చిన లోడు వాసనే రాలేదు మేడమ్. యాడో పాతగుంటలో బాగా మాగిండాది అనుకుంటిని. నేరుగా మడికి పారిస్తి."

కాంపోజిట్ శాంపిల్ తీశాను. అంటే మడిలో పది చోట్ల తవ్వి కలిపిన మట్టి. పెద్ద ల్యాబుకు పంపితే హెవీ మెటల్స్ హద్దు దాటి ఉన్నాయని వచ్చింది. ఇవి ఎన్నాళ్ళున్నా కుళ్ళిపోని విషపు లోహాలు. ట్యాంకరువాణ్ణి గట్టిగా అడిగితే నసుగుతూ ఒప్పుకున్నాడు. ఇనుప సామానుకు మెరుగుపూత వేసే ఒక షెడ్డు వెనక గుంట తోడి తెచ్చాడట. అందులో మలం తక్కువ, పూతకు వాడే మందునీళ్ళు ఎక్కువ.

రిపోర్టు పట్టుకొని వెళ్ళి నరసింహప్పకు చెప్పాను.

"మాగబెడితే పోతుందా మేడమ్?"

"పోదప్పా. ఇది మాగేది కాదు."

"ఎన్నేండ్లకు బాగయితాది?"

నాకు తెలియదన్నాను. ఆయన మడి వైపు తిరిగాడు.

"సరే, సొప్పంతా పీకేస్తా. ఆవుకన్నా వేసుకుంటా." సొప్పు అంటే ఆకుకూర, కన్నడ మాట.

"వద్దు. ఆవుకు కూడా పెట్టకూడదు."

అప్పుడు నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

"ఆవుకు పెట్టగూడనిదాన్ని రెండు నెల్లు మా మనవరాలికి పప్పులో పెట్టిస్తిమి గదా మేడమ్."

పాపకు రక్తపరీక్ష చేయించమని చెప్పి బయటపడ్డాను. జూలైలోనే ఏ లోడు అని ఇంకొక్క మాట అడిగి ఉంటే, ఆ కూర ఆ ఇంటి పొయ్యి ఎక్కేది కాదు. ఇప్పుడు వేరే ల్యాబులోనూ మట్టి తెచ్చిన ప్రతివాణ్ణీ, సిగ్గుపడినా విసుక్కున్నా వదలకుండా, ఏం పోశావు, ఎక్కడిది అని గుచ్చి గుచ్చి అడుగుతాను. ఆ ఉద్యోగం నాకు నేర్పింది అదే.

పాప రక్తపరీక్షలో ఏమొచ్చిందో మాత్రం ఇంతవరకూ అడగలేకపోయాను.