చదవకుండా మడిచేసిన రెండు వాక్యాలు

ఇది ఇంతకుముందు రాయలేకపోయాను. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. వచ్చాక కూడా చాలాకాలం దీని జోలికి పోలేదు. ఆ అక్షరాలతో నేను చేసిన మొదటి పెద్ద పని సంగతే ఇది.

అక్కా నేనూ ధవళేశ్వరానికి దిగువన, గోదావరి ఒడ్డున ఒకే వీధిలో ఉండేవాళ్ళం. ఇద్దరం చేపలమ్మేవాళ్ళం. ఏటిగాలికి చుట్ట ఆరిపోతుందని మా ఆడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అక్కకు పెళ్ళికి ముందునుంచీ అలవాటు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆమె అంగిట్లో పుండు లేచింది. రాజమండ్రిలో డాక్టరుగారు క్యాన్సరన్నారు. ఇంకా చిన్నదే, నెలలోపు ఆపరేషను చేస్తే పోతుంది, అంగిలి కొంత కొయ్యాలి, చుట్ట మానెయ్యాలి అన్నారు. అక్క చుట్టతోపాటు అన్నమూ మానేసింది. కోతంటే అంత భయం.

మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు పెట్టిన బడిలో నేను అప్పుడే చదవడం నేర్చుకున్నాను. మరిచిపోకుండా ఉంటానని టీచరమ్మ పాత పేపర్లు ఇచ్చేది. ఒకరోజు అందులో క్యాన్సర్ అన్న మాట కనబడింది. అక్క అరుగు మీద, నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను. ‘కార్బన్ నానో ట్యూబులు’ దగ్గర మూడుసార్లు ఆగాను.

“ఏంటే అవి?” అంది అక్క.

“గొట్టాలంటక్కా. వెంట్రుకని వేల పోగులు చీలిస్తే ఎంత సన్నమో అంత. అందులో మందు కూరి ఒంట్లోకి పంపితే తిన్నగా గడ్డ దగ్గరికే పోద్దంట. మంచి కండ జోలికి పోదంట.”

“దేంతో చేస్తారంట?”

“కార్బనంట. బొగ్గులో, మసిలో ఉంటదంట.”

అక్క పకాలున నవ్వింది. “ఇంకేం! ముప్పై ఏళ్ళనుంచీ ఆ మందు నోట్లోనే పెట్టుకు తిరుగుతున్నాను కదే!”

“అయితే వదినా, ఆ డాక్టరుగారికి నువ్వే పాఠం చెప్పాలి” అంది పక్కింటావిడ.

ఒళ్ళు కాలితే ఆ చోటును మళ్ళీ సెగకే చూపించడం మా ఇళ్ళలో వైద్యం. బొగ్గు తెచ్చిన జబ్బు బొగ్గుతోనే పోతుందంటే అక్కడ ఎవరికీ వింతగా లేదు.

కింద ఇంకా రెండు వాక్యాలున్నాయి. ఇప్పటికి ఎలుకల మీదే చూశారనీ, మనుషులకు రావడానికి ఏళ్ళు పడుతుందనీ. చూశాను. పైకి చదవలేదు. వారం రోజుల తర్వాత అక్క అప్పుడే నవ్వింది. అందరూ నావంక గొప్పగా చూస్తున్నారు, అదీ ఉంది. పేపరు మడిచేశాను.

ఆ పూట అక్క అన్నం తింది. తిన్నాక చుట్ట వెలిగించింది. ఆపరేషను మాటెత్తితే, “ఆ గొట్టాల మందు రానియ్యవే, కోయించుకోడం ఎందుకు?” అనేది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే నాలుగు నెలలు గడిపేశాను.

నోట్లోంచి రక్తం పడటం మొదలయ్యాక మళ్ళీ రాజమండ్రి వెళ్ళాం. ఇక కోసి లాభం లేదన్నారు డాక్టరుగారు. అక్క గొట్టాల మందు గురించి అడిగింది.

“అది ఇంకా ఎలుకల మీదేనమ్మా. ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరోలెండి” అంది అక్క.

బస్సెక్కాక అడిగింది. “ఆ పేపర్లో ఎలకల సంగతి లేదా?”

“ఉందక్కా.”

కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా ఊళ్ళో దిగాక అంది, “నీకు ఆ ముక్క చదవడం రాలేదేమో అనుకున్నానే.”

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. ఆసుపత్రిలో కాంపౌండరు తెలుగులో రాసిచ్చిన చీటీ తీసి అక్కకు చదివాను. ఏ బిళ్ళ ఎప్పుడు, అన్నానికి ముందో తర్వాతో, అన్నీ. అడుగున ‘మళ్ళీ రావలసిన రోజు’ అని అచ్చువేసిన చోట ఏమీ రాయలేదు. అది కూడా చెప్పాను. తర్వాత గంజి వడకట్టి, చల్లార్చి, చెంచాతో పట్టాను.