చెల్లి నేర్పిన లెక్కల బిట్లు

మా అమ్మాయి చదివే స్కూలు నుంచి ప్రతి శనివారం సాయంత్రం నా ఫోనుకి ఒక మెసేజి వస్తుంది. ఆ వారం రాసిన లెక్కల పరీక్షలో ఎవరిది ఎన్నో ర్యాంకో, పేర్లతో సహా, తల్లులందరికీ ఒకేసారి కనబడేలా పంపుతారు. అమ్మాయి తొమ్మిదో తరగతి. అన్నీ నాలుగు జవాబుల ప్రశ్నలే. సరైన గుండ్రాన్ని పెన్నుతో నింపాలి, తప్పుది నింపితే వచ్చిన మార్కుల్లోంచి కోస్తారు. నిన్న దాని పేరు కోసం వేలితో కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోయాను. నా భుజం మీదనుంచి అదీ తొంగిచూస్తూనే ఉంది. కాసేపటికి ఎడం చెంపని అరచేత్తో కప్పుకుని అలాగే నిలబడిపోయింది. దాన్ని బడిలో ఎవరూ ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదని నాకు తెలుసు. అయినా చెంప పట్టుకుని నిలబడ్డ పిల్లని చూసేసరికి ఫోను బోర్లా పెట్టేశాను. అది పడుకున్నాక, గోళ్ళు మళ్ళీ కొరుక్కుంటోందేమోనని దాని చేతులు చూసి వచ్చి, ఇది రాస్తున్నాను.

మన తరంవాళ్ళకి పదో తరగతి లెక్కల బిట్ పేపరు గుర్తుండే ఉంటుంది. పెద్ద లెక్కలన్నీ అయ్యాక చివర్న ఇచ్చేవారు. బ్రాకెట్లో ఏ, బీ, సీ, డీల్లో ఒక అక్షరం వేసి, ఆ కాగితాన్ని మిగతా కాగితాలతో కలిపి దారంతో కట్టి ఇచ్చేయాలి. పెద్ద లెక్కలు రానివాళ్ళని ఒడ్డున పడేసేవి ఆ బిట్లే అనేవారు. నేను పెద్ద లెక్కలు రానిదాన్నే. మొదటిసారి బిట్లు కూడా నన్ను ఒడ్డున పడెయ్యలేదు. ఎందుకంటే లెక్కల జోలికి పోకుండా, గైడులో ఉన్న జవాబుల అక్షరాలని ఏ, సీ, సీ, బీ అంటూ ఎక్కాల్లా వల్లించుకుని వెళ్ళాను. మా ఊళ్ళో చాలామంది అలాగే చదివేవారు, కొందరు పాసయ్యేవారు కూడాను. పరీక్షలో అవే బిట్లు వచ్చాయి గాని, వాటి కింద జవాబుల వరస మారిపోయింది. మిగతావన్నీ పాసై ఒక్క లెక్కల్లో తప్పాను. వేసవిలో మళ్ళీ రాసి మళ్ళీ తప్పాను.

మాది ఉంగుటూరు దగ్గర కాలవ పక్క ఊరు. నాన్నకి కొద్దిగా వరి పొలం, రెండు గేదెలు. నాకంటే ఏడాది చిన్నదైన చెల్లి, నేను తప్పి ఇంట్లో కూర్చునేసరికి పదో తరగతికి వచ్చేసింది. నేను చిక్కుడుకాయలు వలుస్తూ సినిమా పాటలు పాడుకున్నట్టు అది లెక్కలు చేస్తూ కూనిరాగం తీసేది. లెక్క కష్టమైన కొద్దీ రాగం పొడుగయ్యేది. మా ఇద్దర్నీ కలిపి తాడేపల్లిగూడెంలో ఒక మాస్టారి దగ్గర ట్యూషన్‌కి పెట్టారు నాన్న. రోజూ సాయంత్రం బస్సులో వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగివచ్చేవాళ్ళం.

ఆ ట్యూషను ఉల్లిపాయల గోడౌను మీద, రేకుల షెడ్డులో జరిగేది. మెట్లెక్కుతుంటేనే కళ్ళు మండేవి. మాస్టారు సన్నగా, తెల్లచొక్కాలో, నుదుట విభూతితో ఉండేవారు. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పిల్లలందర్నీ అండీ అనే పిలిచేవారు. ఆయన ఒక బిట్టు చదివి, నాలుగు జవాబులూ చదివి, కళ్ళు మూసుకోమనేవారు. కళ్ళు మూసుకునే వేళ్ళెత్తాలి. ఏ అయితే ఒక వేలు, డీ అయితే నాలుగు. తరవాత కళ్ళు తెరిపించి, జవాబు సరిగ్గా చెప్పినవాళ్ళని లేపి, తప్పు చెప్పినవాళ్ళని కొట్టించేవారు. ఎడం చేత్తో ముక్కు పట్టుకుని, కుడిచేత్తో చెంప మీద. ఆడపిల్లలని ఆడపిల్లలు, మగపిల్లలని మగపిల్లలు. మెల్లిగా కొడితే, ఎలా కొట్టాలో ఆ కొట్టిన పిల్ల చెంప మీదే స్వయంగా చూపించేవారు. ఆయన చెయ్యి చూపించినదాన్ని ఎవరూ రెండోసారి చూడాలనుకోలేదు. ఆ రోజుల్లో ఇది మా వైపు వింతేమీ కాదు, చాలా బళ్ళలో ఉన్నదే. కాకపోతే ఆయన దగ్గర మర్యాద ఎక్కువ. ఏడిస్తే, ‘ఉల్లిపాయల ఘాటండీ, అలవాటైపోద్ది’ అనేవారు. అందరం నవ్వాలి, నవ్వేవాళ్ళం.

మొదటి నెలల్లో నన్ను కాపాడింది చెల్లే. నా పక్కనే కూర్చుని, అందరూ కళ్ళు మూసుకున్నాక, చున్నీ కింద నా మోకాలి మీద వేలితో జవాబెంతో తట్టేది. నేను అన్ని వేళ్ళే ఎత్తేదాన్ని. దెబ్బలు తప్పాయి, మాస్టారు మెచ్చుకున్నారు, నాన్న కూడా ముఖం తేట చేసుకున్నారు, నాకు మాత్రం ఒక్క లెక్కా రాలేదు. ఒకరోజు చెల్లికి జ్వరం. ఆ మగతలో ఎవరూ తప్పని తేలిక బిట్టు దగ్గర అది తప్పు తట్టింది. షెడ్డు మొత్తంలో మేమిద్దరమే తప్పు, ఇద్దరిదీ ఒకటే తప్పు. మాస్టారు మా వంక తిరిగారు. ‘అక్కచెల్లెళ్ళండీ, తప్పు కూడా పంచుకుని తింటున్నారు’ అన్నారు. నన్ను ఎదర వరసలోకి మార్చారు. ఆ ఆదివారం పనిగట్టుకుని మా ఊరొచ్చి, వీధరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, నాన్నకి అంతా చెప్పారు.

నాన్న మమ్మల్ని ఏనాడూ కొట్టి ఎరగరు. ఆ రోజు కూడా కొట్టలేదు. భోజనాలయ్యాక ఇద్దర్నీ పిలిచి మెల్లిగానే చెప్పారు. ‘పెద్దది గేదెలకి గడ్డేస్తుంటే చిన్నది పుస్తకాలు పట్టుకుని ఏలూరు కాలేజీకి వెళ్తే చూసేవాళ్ళకేం బాగుంటదమ్మా. వెళ్తే ఇద్దరూ వెళ్ళండి. ఆగితే ఇద్దరూ ఆగిపోండి.’ అంతే. కండువా వేసుకుని చేలోకి వెళ్ళిపోయారు. నేను చెల్లి ముఖంలోకి చూశాను. అది నన్ను చూడలేదు. గోడనే చూస్తూ ఉంది, ఏదో పెద్ద లెక్క అక్కడ రాసి ఉన్నట్టు. ఈసారి రాగం మాత్రం లేదు.

మర్నాడు సాయంత్రం మొదటి బిట్టే తప్పాను. చెల్లి లేచి వచ్చి నా ముక్కు పట్టుకుంది. దాని వేళ్ళకి పొద్దున తోమిన గిన్నెల చింతపండు వాసన. మెల్లిగా కొట్టింది. ‘మొహమాటం ఎందుకండీ, మీ అక్కగారే కదా’ అంటూ మాస్టారు లేచి వచ్చి ఎలా కొట్టాలో దాని చెంప మీద చూపించారు. రెండో బిట్టూ తప్పాను. ఈసారి అది చెయ్యి బాగా వెనక్కి తీసి కొట్టింది. ఆ చప్పుడుకి కింద గోడౌన్లో బస్తాలు దింపుతున్న కూలీలు పైకి చూశారని తరవాత ఎవరో అన్నారు. మాస్టారు, ‘భేష్, చేతిలో సత్తా ఉందండీ’ అన్నారు.

తిరుగు బస్సులో కిటికీ అద్దంలో నా బుగ్గ మీద దాని వేళ్ళు కనబడుతున్నాయి. అలా ఎన్ని సాయంత్రాలో. నెమ్మదిగా అది ఇంట్లో కూడా మొదలుపెట్టింది. నేను పొయ్యి దగ్గరుంటే వెనకనుంచి వచ్చి బిట్టు అడిగేది. తప్పితే ముక్కు పట్టుకునేది. ఒకసారి అమ్మ చూసింది. ఆపుతుందనుకున్నాను. పాల చెంబు పట్టుకుని దాటిపోతూ, ‘ఒసే, చెవి మీద తగలకుండా కొట్టవే, చెవుడొస్తే ఎవరు చూస్తారు’ అంది. నాకు కోపం కన్నా ముందు నవ్వొచ్చింది. చెల్లి నవ్వలేదు. ‘నవ్వు తరవాత. కారణాంకాలు చెప్పు’ అంది.

దాన్ని నేను ఎంత అసహ్యించుకున్నానో ఎవరికీ చెప్పుకోలేదు. అది స్నానానికి వెళ్తే కాలు జారిపడాలని కోరుకున్న రోజులున్నాయి. కాని కొట్టాక ప్రతిసారీ కూర్చోబెట్టి నేర్పేది, అదీ నిజమే. ‘లెక్క రాకపోతే భయపడకే. జవాబు అక్కడే ఉంది కదా, ఎక్కడికీ పోదు. నాలుగింటినీ ఒక్కొక్కటే ఎత్తి లెక్కలో పెట్టి చూడు, కుదిరిందే నీది’ అనేది. అలా ఎత్తి పెడుతూ పెడుతూ, ఏదో ఒకరోజు, పెట్టకుండానే కొన్ని కుదురుతున్నాయని నాకే తెలిసింది. దెబ్బలు తగ్గాయి. తగ్గుతున్నప్పుడు దాని ముఖంలో వెలుగు చూసి, అది నాకోసం సంతోషపడుతోందా, తనకోసమా అని లోలోపల కుళ్ళుకున్నాను. తనకోసమైతే మాత్రం తప్పేముందని అప్పుడు తోచలేదు.

మార్చిలో ఇద్దరం వేరువేరు సెంటర్లలో రాశాం. చివర్న ఇచ్చిన బిట్ పేపర్లో ఒక్కొక్క జవాబే లెక్కలో పెట్టి చూసుకుంటూ, కుదిరిందాన్ని వేసుకుంటూ వచ్చాను. ఫలితాలకి తాడేపల్లిగూడెం ఇంటర్నెట్ సెంటరుకి నాన్నే వెళ్ళారు. నేను అంచు మీద పాసయ్యాను. చెల్లికి లెక్కల్లో బడికంతటికీ మొదటి మార్కు. ఆ రోజు అది నన్ను కౌగలించుకుని, ఎన్నాళ్ళ తరవాతో, నా చెంప మీద ముద్దుపెట్టుకుంది. నేను బిగుసుకుపోయాను. ఆ వారమంతా ఏలూరు కాలేజీలో ఏ గ్రూపు, ఏ హాస్టలు, ఒకే గది ఇస్తారా అని అదొక్కతే వాగుతూ ఉండేది.

నాయనమ్మ పక్షవాతంతో మంచాన పడింది ఆ జూన్లోనే. అమ్మకి పొలం పనులు, గేదెలు. మనిషిని ఎత్తి పక్క మార్చడానికి ఇంకో మనిషి కావాలి. నాన్న ఒక పూటంతా చేలో తిరిగి వచ్చి, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. ఎంతో న్యాయంగా ఆలోచించాననే అనుకున్నారాయన. పెద్దది ఇప్పటికే ఒక ఏడాది పోగొట్టుకుంది, ఇంకా ఆగితే చదువు మీద ధ్యాస పోతుంది. చిన్నది ఒక్కసారీ తప్పకుండా పాసైంది గనక దాని చేతిలో ఒక ఏడాది మిగులుంది. కాబట్టి ముందు పెద్దది వెళ్తుంది, వచ్చే ఏడు చిన్నది. తప్పినదానికి ముందు వరస, తప్పనిదానికి వెనక వరస. దాంట్లో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. చెల్లి, ‘ఒక్క ఏడాదే కదండీ నాన్నా?’ అని మాత్రం అడిగింది. ‘ఒక్క ఏడాదేనమ్మా’ అన్నారు నాన్న.

నేను ఏలూరు వచ్చి లెక్కల్లేని గ్రూపులో చేరాను. ఇంటరు, డిగ్రీ అయ్యేదాకా ఒక్క లెక్క చెయ్యలేదు. అంత కొట్టించుకుని నేర్చుకున్నదాన్ని ఒక్క వేసవిలో మరిచిపోయాను. నాయనమ్మ బతికింది. చెల్లి ఎత్తి, తుడిచి, తినిపించి బతికించింది. సెలవులకి వెళ్ళినప్పుడల్లా పెరట్లో మాటల మధ్య ఎవరో ఒకరు ఆవిడ ఎలా ఉన్నారని అడిగేవారు, ‘బాగానే ఉన్నారండీ’ అని చెల్లి చెప్పేది. ఆ బాగానే అన్న మాట అంత బరువైనదని నేను అక్కడే విన్నాను. ఆవిడ పోయేనాటికి దాని ఈడు పిల్లలు కాలేజీలు దాటిపోయారు. దాన్ని కొల్లేటి వైపు, చేపల చెరువులున్న ఇంటికి ఇచ్చారు. మంచి మనుషులే.

కిందటి నెల వాళ్ళత్తగారి కళ్ళకి ఆపరేషనుకని ఏలూరు వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. పిన్నికి లెక్కలు బాగా వచ్చని నేనెప్పుడో అన్న మాట పట్టుకుని, మా అమ్మాయి ప్రశ్నపత్రం తెచ్చి దానికిచ్చింది. చెల్లి కొంగుతో చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. కళ్ళు అక్షరాల మీద అటూ ఇటూ నడవడం నేను చూస్తూనే ఉన్నాను. పెదవులు కొంచెం కదిలాయి కూడాను. తరవాత కాగితం మడిచి అమ్మాయి చేతిలో పెట్టేసింది.

‘నాకు రాదు తల్లీ. మీ అమ్మనడుగు. మా ఇంట్లో చదువుకుంది మీ అమ్మే.’

అందులో వెటకారం వెతికాను. దొరకలేదు. దొరికుంటే బాగుండేది. ఆ రాత్రి అది వాళ్ళత్తగారి కళ్ళల్లో చుక్కల మందు వేసి పడుకుంది. నేను ఆ కాగితం ముందేసుకుని ఒక్క లెక్కా చెయ్యలేక కూర్చున్నాను.

ఇప్పుడు బళ్ళలో ముక్కు పట్టుకుని కొట్టించే మాస్టార్లు లేరు. ఫోనులో అంకె వస్తుంది, దానికి చెయ్యి ఉండదు, చింతపండు వాసన ఉండదు, ఎవర్ని అసహ్యించుకోవాలో పిల్లకి తెలీదు, తన్ను తనే అసహ్యించుకుంటుంది. ఇది మెరుగో అది మెరుగో నాకు తేలడం లేదు. మా ఊళ్ళో మాత్రం ఇప్పుడు ఏ ఆడపిల్లా ఆగిపోవడం లేదు. పొద్దున్నే కాలేజీ బస్సు కాలవ వంతెన దాకా వస్తుంది. అక్కచెల్లెళ్ళు కలిసే ఎక్కుతారు, కిటికీ సీటు కోసం పోట్లాడుకుంటారు. పుట్టింట్లో ఉన్నప్పుడు ఆ గోల వినడానికి నేను వీధిలోకి వచ్చి నిలబడతాను. చెల్లి కూడా వచ్చి ఉంటే, బస్సు హారను వినబడగానే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ లోపలికి వెళ్ళిపోతుంది.